ఒక్క లైన్ మాక్రోకి మార్చేముందు ప్రోబ్ మీద __ఇనిట్ ఉందేమో చూడండి

మీరు అడిగింది: లినక్స్‌లో పాత ప్లాట్‌ఫామ్ డ్రైవర్ (బోర్డు మీదే ఉండే, తనంతట తాను కనిపించని డివైస్‌లని నడిపేది) ఒకటుంది, దాని ఇనిట్‌లో (మొదలయ్యేటప్పుడు నడిచే ఫంక్షన్) రిజిస్టర్, ఎగ్జిట్‌లో (తీసేసేటప్పుడు నడిచేది) అన్‌రిజిస్టర్ తప్ప ఇంకేమీ లేవు, ఆ కోడంతా కుదించొచ్చా అని. కుదించొచ్చు, కుదించాలి కూడా. ఫైలు చివరున్న ఆ రెండు ఫంక్షన్లూ, వాటి కింది మాడ్యూల్_ఇనిట్, మాడ్యూల్_ఎగ్జిట్ లైన్లూ తీసేసి ఇదొక్కటి పెట్టండి:

మాడ్యూల్_ప్లాట్‌ఫామ్_డ్రైవర్(సెన్సర్_డ్రైవర్);

3.2 కెర్నల్ నుంచీ ఉన్న మాక్రో ఇది. మీరు చేత్తో రాసిన ఆ రెండు ఫంక్షన్లనే ఇది తయారుచేస్తుంది. ఐ2సీ, ఎస్‌పీఐ, యూఎస్‌బీ, పీసీఐలకీ ఇలాంటివే ఉన్నాయి. డ్రైవర్ స్ట్రక్చర్‌లో ఓనర్ = దిస్_మాడ్యూల్ అని ఉంటే అదీ తీసేయండి, రిజిస్టర్ చేసేటప్పుడు కెర్నలే దాన్ని నింపుతుంది. మాడ్యూల్_డివైస్_టేబుల్ (డ్రైవర్ ఏ డివైస్‌లకి సరిపోతుందో చెప్పే లైన్) జోలికి మాత్రం వెళ్లొద్దు. అది పోతే మాడ్యూల్ దానంతటది లోడ్ కాదు.

ఇనిట్‌లో "డ్రైవర్ రిజిస్టర్ అయింది" అని ప్రింట్ చేస్తుంటే దాన్ని నిలబెట్టడం కోసం పాత ఫంక్షన్ ఉంచకండి. సరిపోయే డివైస్ ఒక్కటీ లేకపోయినా ప్లాట్‌ఫామ్_డ్రైవర్_రిజిస్టర్ సున్నాయే ఇస్తుంది, కాబట్టి ఆ మెసేజ్ వల్ల తెలిసేదేమీ లేదు.

అసలు ప్రమాదం పాత ఇనిట్ ప్లాట్‌ఫామ్_డ్రైవర్_ప్రోబ్‌ని పిలుస్తున్నప్పుడు వస్తుంది. అలాంటి డ్రైవర్లలో ప్రోబ్ ఫంక్షన్ (డివైస్ దొరికినప్పుడు దాన్ని సిద్ధం చేసేది) మీద __ఇనిట్ (మొదలయ్యేటప్పుడే కావాలి, తర్వాత మెమరీ నుంచి తీసేయొచ్చు అనే గుర్తు) ఉంటుంది. మాక్రో పెట్టి, స్ట్రక్చర్‌లో .ప్రోబ్ నింపి, __ఇనిట్ తీయడం మర్చిపోయారనుకోండి. డ్రైవర్ కెర్నల్‌లోనే కలిసి ఉండి, డివైస్ ముందే సిద్ధంగా ఉంటే బూట్ అయ్యేటప్పుడు అంతా బాగానే పనిచేస్తుంది. ఆ తర్వాత కెర్నల్ ఇనిట్ మెమరీని విడుదల చేసేస్తుంది. డివైస్‌కి కరెంటిచ్చే రెగ్యులేటర్ ఆలస్యంగా వచ్చి ప్రోబ్ మళ్లీ నడిచినా, ఎవరైనా సిస్‌ఎఫ్‌ఎస్ (/sys ఫైళ్లు) నుంచి డివైస్‌ని డ్రైవర్‌కి బైండ్ చేసినా, లేని కోడ్‌లోకి దూకి ఊప్స్ (కెర్నల్ క్రాష్ ఎర్రర్) వస్తుంది. అందుకే ప్రోబ్ మీదే కాదు, అది పిలిచే ప్రతి ఫంక్షన్ మీదా __ఇనిట్, అది చదివే టేబుళ్ల మీద __ఇనిట్‌డేటా, __ఇనిట్‌కాన్‌స్ట్ తీసేయండి. బిల్డ్‌లో సెక్షన్ మిస్‌మ్యాచ్ హెచ్చరిక (నిలిచి ఉండే కోడ్, విడుదలైపోయే కోడ్‌ని వాడుతోందని చెప్పేది) రాలేదని ధీమాగా ఉండకుండా గ్రెప్‌తో వెతికి చూడండి. రిమూవ్ (డివైస్‌ని వదిలేటప్పుడు నడిచే ఫంక్షన్) మీద __ఎగ్జిట్ (కెర్నల్‌లోనే కలిపితే వదిలేయొచ్చనే గుర్తు) ఉన్నా అంతే, తీసేయాలి. __ఇనిట్ ఉంచాల్సిందే అంటే మాడ్యూల్_ప్లాట్‌ఫామ్_డ్రైవర్_ప్రోబ్ మాక్రో వాడండి. కాకపోతే దానికి ప్రోబ్ వాయిదా కుదరదు: ప్రోబ్ -517 (కావాల్సింది ఇంకా రాలేదు, తర్వాత మళ్లీ ప్రయత్నించమనే కోడ్) తిరిగిస్తే కెర్నల్ ఒక హెచ్చరిక రాసి, -ఈఎన్‌ఎక్స్‌ఐఓ అనే మామూలు ఎర్రర్‌గా మార్చి వదిలేస్తుంది.

ఒకే ఫైలులో రెండు డ్రైవర్లుంటే ఈ మాక్రోని రెండుసార్లు రాయకండి. కాన్ఫిగ్‌లో వై (కెర్నల్‌లోనే కలపడం) అని పెట్టినప్పుడు బిల్డ్ అయిపోతుంది, ఎం (విడి మాడ్యూల్) అని పెట్టగానే రీడెఫినిషన్ ఎర్రర్ కొడుతుంది, ఎందుకంటే ఒక మాడ్యూల్‌కి ఒకే ఇనిట్ ఉండాలి. అక్కడ ఇనిట్, ఎగ్జిట్ ఉంచి, డ్రైవర్ల అర్రే ఒకటి కట్టి ప్లాట్‌ఫామ్_రిజిస్టర్_డ్రైవర్స్‌కి ఇవ్వండి. మధ్యలో ఒకటి ఫెయిలైతే అంతకుముందు రిజిస్టర్ అయినవాటిని అదే వెనక్కి తీస్తుంది. ఎర్రర్ వచ్చినప్పుడు వెనక్కి తీయడానికి చేత్తో రాసిన గోటూల్లో ఎక్కువగా తప్పు దొర్లేది అక్కడే.

పాత కోడ్‌లో సబ్‌సిస్_ఇనిట్‌కాల్ ఉంటే కాస్త ఆగండి. బూట్‌లో ఇనిట్‌లు నడిచే వరుసలో అది నాలుగో స్థాయి, మాక్రో మిమ్మల్ని ఆరో స్థాయికి దింపుతుంది. మీ డ్రైవర్ ఇచ్చే క్లాక్ మీదో జీపీఐఓ (ఇన్‌పుట్/అవుట్‌పుట్ పిన్) మీదో ఆధారపడిన డ్రైవర్లు -517ని సరిగ్గా పైకి పంపుతుంటే ఇబ్బంది లేదు. దాన్ని మామూలు ఎర్రర్‌గా మింగేసే డ్రైవర్ ఒక్కటున్నా ఆ డివైస్ ఇక లేవదు. ముందు దాన్ని సరిచేసి, మార్పుని వేరే ప్యాచ్‌గా పంపండి.

పరీక్షించేటప్పుడు వై, ఎం రెండింటితోనూ బిల్డ్ చేయండి. మాడ్యూల్‌ని లోడ్ చేసే ఇన్స్‌మాడ్, తీసేసే ఆర్‌ఎమ్‌మాడ్ ఓ పదిసార్లు తిప్పండి. బూట్ పూర్తయ్యాక సిస్‌ఎఫ్‌ఎస్‌లో అన్‌బైండ్ చేసి మళ్లీ బైండ్ చేయండి, మర్చిపోయిన __ఇనిట్ ఉంటే అప్పుడే బయటపడుతుంది. చివరిగా డీబగ్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ డీబగ్ ఫైళ్లుండే చోటు) డివైసెస్_డిఫర్డ్ ఫైలు (ప్రోబ్ వాయిదా పడిన డివైస్‌ల జాబితా) తెరిచి, మార్పుకి ముందు లేని పేరేదైనా అందులో చేరిందేమో చూడండి.