మన్ననూరు చెక్‌పోస్టు దాటిన తర్వాత

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతోను, డెబ్బై ఏళ్ల మా అత్తగారితోను నల్లమల వెళ్లాలనుకుంటున్నాం. ఆమెకు సలేశ్వరం చూడాలని ఎప్పటినుంచో కోరిక. పిల్లలేమో పులిని చూడాలంటున్నారు. ఒక్క రోజులో రెండూ కుదురుతాయా?
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: సలేశ్వరం దసరాకు కుదరదమ్మా. అది పులుల అభయారణ్యం లోపలి భాగం కనుక, చైత్ర పౌర్ణమికి జరిగే లింగమయ్య జాతర కొద్ది రోజుల్లో తప్ప భక్తులను అనుమతించరు. జాతరప్పుడైనా రాళ్ల దారిలో లోయలోకి దిగి, మళ్లీ అదంతా ఎక్కి రావాలి. మీ అత్తగారి వయసుకు నేను సలహా ఇవ్వలేను. ఆమెను అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరానికి తీసుకెళ్లండి. కొండ మీదికి వాహనాలు వెళ్లే దారి ఉంది. శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరున్న ఆ గుడి పెద్ద కొండచరియ నీడలో ఉంటుంది.

ఇక పులి సంగతి. అటవీశాఖ వారి ఫరహాబాద్ సఫారీ జూలై నుంచి సెప్టెంబరు చివరి దాకా మూసి ఉంటుంది కాబట్టి, దసరా ముందుగా వచ్చిన ఏడాది అక్టోబరు మొదలయ్యాకే బయలుదేరండి. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన ఈ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో పులి మీ జీపు ముందుకే వస్తుందని పిల్లలకు మాట ఇవ్వకండి. దానికి బదులు, దారి దుమ్ములో పడిన అడుగులను, చెట్టు మీది కొండముచ్చు ఉన్నట్టుండి అరిచిన అరుపును గమనించమనండి. పులి గాని చిరుత గాని కంటపడితే అది అలా అరుస్తుంది. గైడ్లుగా పనిచేస్తున్న చెంచు యువకులకు ఆ అరుపుల తేడా చిన్ననాటి నుంచే తెలుసు. వారిని అడిగి తెలుసుకోవడం పిల్లలకు ఎంతో మేలు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను. శ్రీశైలం రోడ్డు పొడవునా కోతులు గట్టు మీద బారులు తీరి, ఆగిన ప్రతి కారు అద్దం వైపు చేయి చాపుతుంటాయి. జాలిపడి అరటిపండో చిప్స్ పొట్లమో విసిరితే, దాని కోసం రోడ్డు మధ్యకు ఉరికిన పిల్లకోతి వెనుక వచ్చే బండి కింద పడుతుంది. అలా చనిపోయిన పిల్లను వదలక పొట్టకు కరుచుకుని తిరుగుతున్న తల్లికోతిని నేను కళ్లారా చూశాను. దయచేసి ఏమీ పెట్టకండి, అద్దాలు దించకండి. అక్కడ ప్లాస్టిక్ నిషేధం కూడా ఉంది కనుక తాగునీరు స్టీలు సీసాల్లో తెచ్చుకోండి.

డిండి మీదుగా తెల్లవారుజామునే బయలుదేరితే గుడి, సఫారీ రెండూ ఒక్క రోజులోనే అవుతాయి. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మన్ననూరు చెక్‌పోస్టు దాటి అడవి దారిలోకి వాహనాలను వదలరు.

ప్రశ్న: నల్లమలలోని మల్లెలతీర్థం జలపాతం వేసవిలో చూడవచ్చా?
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: వేసవిలో ధార బాగా సన్నబడిపోతుంది. వానలు వెనుకబట్టాక, కార్తీకం ప్రాంతంలో వెళ్లండి. వటవర్లపల్లి దగ్గర ప్రధాన రహదారి వదిలి లోపలికి వెళ్లాలి. ఆ తర్వాత వందలాది మెట్లు దిగాలి కాబట్టి, తిరిగి ఎక్కడానికి ఓపిక మిగుల్చుకోండి.