టాలీలో ఒక అంకె, ఆడిటర్ దగ్గర ఇంకో అంకె

ప్రశ్న: తెనాలిలో హార్డ్‌వేర్ షాపు నడుపుతున్నాను. టాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో లెక్కలు నేనే ఎక్కిస్తాను. మార్చి జీఎస్టీ నా లెక్కన 21,600. ఆడిటర్ గారు 39,600 కట్టమంటున్నారు. టాలీ మాత్రం 2,85,600 బాకీ అని చూపిస్తోంది! ప్రతి నెలా కడుతూనే ఉన్నాను. చేతిలో డబ్బంతా స్టాకు మీద పెట్టేశాను. పది రోజులు ఆలస్యమైతే ఏమవుతుంది?

జవాబు: 2,85,600 చూసి బెంబేలు పడకండి. అందులోంచి మార్చి నెల 21,600 తీసేస్తే మిగిలేది 2,64,000. ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా పదకొండు నెలలకు మీరు కట్టిన చలాన్ల మొత్తం కూడా సరిగ్గా అంతే. మీరు పంపిన ప్రింటు చూస్తే సంగతి తెలిసిపోయింది. చలాను కట్టిన ప్రతిసారీ ‘జీఎస్టీ ఖర్చులు’ అనే లెడ్జర్‌కి (పద్దుకి) డెబిట్ వేశారు, అంటే ఖర్చుగా రాశారు. బ్యాంకులోంచి డబ్బు పోయింది, బాకీ ఉన్నచోటే ఉంది. జీఎస్టీ మీ ఖర్చు కాదండీ, కొన్నవాడి దగ్గర తీసుకుని సర్కారుకి అప్పగించే సొమ్ము. ఈ పొరపాటు వల్ల మీ లాభం కూడా 2,64,000 తక్కువ కనిపిస్తోంది. రేపు సీసీ లిమిట్ (వ్యాపారానికి బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితి) పెంచమని బ్యాంకుకి వెళితే వాళ్లు చూసేది ఆ లాభమే. ఖాతాలు ముగించేలోపే ఒక జర్నల్ (సర్దుబాటు పద్దు) వేసి ఆ మొత్తాన్ని ఖర్చుల్లోంచి తీసి బాకీలో తగ్గించండి.

ఇక 21,600, 39,600 మధ్య తేడా 18,000. మీ అమ్మకాలు 6 లక్షలు, వాటిపై పన్ను 1,08,000. కొనుగోళ్లు 4,80,000, వాటిపై కట్టింది 86,400. తీసివేస్తే 21,600 అన్నారు, తీసివేత తప్పు కాదు. కానీ బెజవాడ పైపుల డీలరు ఇచ్చిన లక్ష రూపాయల బిల్లు (దానిపై పన్ను 18,000) మీ ఫైల్లో ఉందే గానీ జీఎస్టీ పోర్టల్‌లో లేదు. ఆయన తన జీఎస్టీఆర్-1లో, అంటే అమ్మకాల రిటర్న్‌లో, ఎక్కించలేదు. 2022 జనవరి నుంచి సప్లయరు చూపించి, అది మన 2బీలోకి (సప్లయర్లు చూపించిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే పట్టికలోకి) వస్తేనే క్రెడిట్, అంటే కొనుగోళ్లపై కట్టిన పన్నును మన పన్నులోంచి తగ్గించుకునే వీలు. వ్యాట్ నాటి అలవాటుతో చేతిలో బిల్లు ఉంటే చాలనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. టాలీకి మీరు ఎక్కించిందే తెలుసు, డీలరు ఎక్కించాడో లేదో తెలియదు. అందుకే ప్రతి నెలా 14న 2బీ రాగానే బిల్లుల పక్కన పెట్టి టిక్ కొట్టుకోండి. రాని బిల్లు పన్నును ‘పెండింగ్ ఐటీసీ’ (ఐటీసీ అంటే ఈ క్రెడిట్టే) అని వేరే లెడ్జర్‌లోకి మళ్లించండి. ఈసారి సీజీఎస్టీ (కేంద్రం వాటా) 9,000, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9,000. అప్పుడు టాలీ కూడా 39,600 అనే చెబుతుంది. ఆ 18,000 ఎక్కడికీ పోదు. డీలరు తర్వాతి నెల చూపిస్తే అప్పుడు వాడుకోవచ్చు, నవంబరు 30 దాకా గడువుంది.

ఆలస్యం సంగతి. 39,600 మీద పది రోజులకు 18 శాతం వడ్డీ 195 రూపాయలు, లేటు ఫీజు రోజుకు 50 చొప్పున 500. ఏడొందల లోపే. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి కట్టడం కంటే ఇదే నయం అనిపిస్తుంది, కాదనను. కాకపోతే ఆ పది రోజులు ఇరవై అయి మే 11 వచ్చేసినా మార్చి 3బీ (పన్ను కట్టి వేసే నెలవారీ రిటర్న్) వేయకపోతే, పోర్టల్ మీ ఏప్రిల్ జీఎస్టీఆర్-1 తీసుకోదు. అప్పుడు మీ కాంట్రాక్టర్ల 2బీలో మీ బిల్లులు కనపడవు. ఇవాళ డీలరు మీద మీకున్న కోపం రేపు వాళ్లకి మీ మీద వస్తుంది.

డబ్బు చాలకపోవడానికి స్టాకొక్కటే కారణం కాదనుకుంటా. కాంట్రాక్టర్లకి అరువిస్తారు కదా. వాళ్లు మూడు నెలలకు ఇచ్చినా బిల్లు కొట్టిన నెలకే పన్ను కట్టాలి. అరువు బేరమైనా పన్ను భాగం మాత్రం సరుకు దించేటప్పుడే తీసుకోండి, చాలామంది ఇస్తారు. రోజూ షట్టర్ దించేముందు వెయ్యి రూపాయలు ఇంకో ఖాతాలోకి పంపండి. మీ సగటు నెలకు 24 వేలు కాబట్టి ఇరవై ఆరు రోజులకు సరిపోతుంది. ఆ ఖాతాకి ఫోన్‌పే తగిలించకండి.

పైపుల డీలరుకి ఇంకా బాకీ ఉన్నారని రాశారు. సరుకు డబ్బు ఇచ్చేయండి. ఆ 18,000 మాత్రం 2బీలో బిల్లు కనిపించాకే ఇస్తానని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.