బర్డ్ ఫ్లూ ముదిరితే ప్లాస్మా కాపాడుతుందా?

ప్రశ్న: మాది తణుకు దగ్గర పల్లెటూరు. తమ్ముడు కోళ్ల ఫారంలో పనిచేస్తాడు. 2025 ఫిబ్రవరిలో ఇక్కడ బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మనిషికి సోకి సీరియస్ అయితే, కోలుకున్నవాళ్ల ప్లాస్మా ఎక్కిస్తే బతుకుతారట. నిజమేనా డాక్టర్ గారూ? దాతను ముందే చూసుకోవాలా?

జవాబు: మీరు విన్నదానిలో నిజం ఉందమ్మా. 2006లో చైనాలోని షెన్‌జెన్‌లో హెచ్5ఎన్1 (బర్డ్ ఫ్లూ వైరస్) సోకి న్యుమోనియాతో విషమించిన 31 ఏళ్ల వ్యక్తికి, అదే జబ్బు నుంచి బయటపడిన మరొకరి ప్లాస్మాను (రక్తంలోని ద్రవభాగాన్ని) 200 మిల్లీలీటర్ల చొప్పున మూడుసార్లు ఎక్కించారు. వైరస్ తగ్గింది, ఆయన కోలుకున్నారు. కోలుకున్నవారి రక్తంలో ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు ఉంటాయి కాబట్టి ఈ ఆలోచన వచ్చింది.

కానీ అది ఒక్క మనిషి కథ. ప్లాస్మా లేకపోయినా ఆయన కోలుకునేవారేమో చెప్పలేం. కోవిడ్ రోజుల్లో దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో ఎంత వెతికామో గుర్తుందా? భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 39 ఆస్పత్రుల్లో 464 మంది కోవిడ్ రోగులపై పరీక్షించి చూస్తే, జబ్బు ముదరడం గానీ మరణాలు గానీ తగ్గలేదు. 2021 మేలో ఆ చికిత్సను కోవిడ్ మార్గదర్శకాల నుంచే తీసేశారు. పైగా ప్లాస్మా వల్ల అలర్జీ రావచ్చు, ఒక్కోసారి ఊపిరితిత్తులే దెబ్బతినవచ్చు.

దాత కోసం వెతకొద్దు. మన దేశంలో హెచ్5ఎన్1 సోకినట్టు తేలినవాళ్లే వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ప్లాస్మా అవసరమా కాదా అన్నది ఐసీయూ డాక్టర్లు చూసుకుంటారు.

మీ చేతిలో ఉన్నది అంతకన్నా ముందు దశ. 2003 నుంచి ప్రపంచవ్యాప్తంగా నమోదైన హెచ్5ఎన్1 కేసుల్లో దాదాపు సగం మంది చనిపోయారు. అందుకే తొందరపడమంటున్నాను. తమ్ముడికి జ్వరం, దగ్గు, ఆయాసం, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఓపీ చీటీ రాయించేటప్పుడే ‘కోళ్ల ఫారంలో పని, ఈమధ్య కోళ్లు చనిపోయాయి’ అని చెప్పండి. ఈ ఒక్క మాట చెప్పకపోతే మామూలు జ్వరంగా చూసి పంపేసే ప్రమాదం ఉంది. చెబితే గొంతు నుంచి శాంపిల్ తీస్తారు, అనుమానం ఉంటే రిపోర్టు వచ్చేదాకా ఆగకుండా ఒసెల్టామివిర్ అనే ఫ్లూ మందు మొదలుపెడతారు. మొదటి 48 గంటల్లో పడితే మంచిది, ఆలస్యమైనా ఇస్తారు. మీరే కొని వాడొద్దు.

ఫారంలో మాస్కు, గ్లౌజులు, కళ్లద్దాలు లేకుండా చచ్చిన కోళ్లను ముట్టుకోవద్దని అతనికి ఈ రాత్రే చెప్పండి.