కొమ్ముల కోసం వెళ్లకు

చిరంజీవి వంశీకి పెదనాన్న ఆశీస్సులు.

నీకు తుపాకి లైసెన్సు వచ్చిందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆమె టెన్షన్ ఆమెది: "మన దగ్గర జింక మీద చెయ్యేస్తే జైలు కదా బావగారూ" అంటుంది. నిజమే, అక్కడ 1972 చట్టం ఉంది. న్యూజిలాండ్‌లో కథ తిరగబడింది. నేలమీద పాలిచ్చే జంతువుల్లో ఈ దేశానికి సొంతవి గబ్బిలాలే. జింకల్ని తెల్లవాళ్లు వేట సరదాకి ఓడల్లో తెచ్చి వదిలారు. మీ పామర్‌స్టన్ నార్త్ పక్కన మనావటూలో తిరిగే సాంబార్ మన కణుజే, 1870లలో సిలోన్ నుంచి వచ్చింది. ఇక్కడ పులి లేదు, రేచుకుక్క లేదు. అడ్డేముంది వాటికి? పెరిగిపోయి అడవిని తినేస్తున్నాయి.

మొదటిసారి రువాహినే కొండల్లోకి వెళ్లినప్పుడు అంతా పచ్చగానే కనిపించింది. నష్టం ఎక్కడుందని అడిగితే, నాతో వచ్చిన ముసలి వేటగాడు నన్ను కింద కూర్చోబెట్టాడు. చూద్దునుకదా, ఛాతీ ఎత్తు వరకు తినదగ్గ ఆకు ఒక్కటి లేదు. ఉన్నదంతా హొరొపిటో అనే పొద. మిరియంలా ఘాటు, జింక ముట్టదు. ముసలి చెట్లున్నాయి, వాటి మొలకలే లేవు. ఆ సాయంత్రం కొట్టిన జింక పొట్ట కోసి చూపించాడు, నిండా బ్రాడ్‌లీఫ్ అనే ఇక్కడి చెట్టు ఆకుల పిప్పి. నువ్వూ ప్రతిసారీ కోసి చూడు. వాసనకి భయపడకు.

అసలు సంగతి ఇది. మార్చి చివర్లో, ఏప్రిల్‌లో మగ జింకలు రంకెలేస్తాయి. దాన్ని 'రోర్' అంటారు. జనం సెలవులు పెట్టి మరీ వెళ్తారు, కొమ్ములున్న దాన్ని కొట్టి ఫొటో దిగి, అడవిని కాపాడామంటారు. నాకు నవ్వొస్తుంది. ఒక మగది పోతే మంద ఇంకోదాని వెంట పోతుంది, వచ్చే ఏడు పిల్లలు అన్నే పుడతాయి. మంద తగ్గాలంటే ఆడవాటిని కొట్టాలి. నవంబరు, డిసెంబరుల్లో ఈనుతాయి కాబట్టి అప్పుడు వద్దు, పాలు తాగే పిల్ల ఆకలికి చస్తుంది. చలికాలంలో వెళ్లు, ఇక్కడ అది జూన్ నుంచి.

రోర్‌లో ఇంకో గండం ఉంది. జింకని రప్పించడానికి మనుషులే జింకల్లా అరుస్తారు. ఒకసారి పొద కదిలింది, గోధుమరంగు కనిపించింది, రంకె వినిపించింది. తుపాకి సగం ఎత్తాను. అంతలో పొదలోంచి దగ్గు. ఆ రాత్రి హట్‌లో, అంటే అడవిలో బస చేసే గుడిసెలో, నాకు ముద్ద దిగలేదు. అందుకని తల, మెడ, భుజం మూడూ స్పష్టంగా కనిపించేదాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. చూడ్డానికి బైనాక్యులర్ వాడు. తుపాకి మీదుండే స్కోప్‌లోంచి చూశావంటే అవతలున్నది మనిషైనా వాడి మీద తుపాకి గురిపెట్టినట్టే. నారింజ రంగు చొక్కా వేసుకో, జింక కంటికి అది సరిగా ఆనదు.

డాక్ (ఇక్కడి ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ) వాళ్ల వేట పర్మిట్ ఆన్‌లైన్లో ఉచితంగానే వస్తుంది. ఎలకల్లాంటి వాటిని చంపే 1080 అనే విషపు మందు చల్లిన చోటేదో వాళ్ల దగ్గరే చూసుకో, అక్కడి మాంసం తేవద్దు. ఆపదలో నువ్వెక్కడున్నావో సిగ్నల్ పంపే లొకేటర్ బీకన్ అద్దెకి తీసుకో. ఏరు పొంగితే దాటకు, హట్‌లో ఇంకో రోజు పడుకో, ఆఫీసు ఎక్కడికీ పోదు.

మాంసాన్ని ప్లాస్టిక్‌లో చుట్టకు, గుడ్డ సంచిలో వేసి నీడలో గాలికి వేలాడదీయి. కొవ్వు ఉండదు, సన్నటి సెగ మీద చాలాసేపు ఉడకాలి. మీ పెద్దమ్మ గోంగూరతో వండుతుంది. జూన్‌లో హేస్టింగ్స్ వచ్చేయ్, కవేకా కొండలకి వెళ్దాం. బూట్లు కొత్తవైతే ఇప్పటినుంచే తొడుక్కుని తిరుగు.

మీ పెదనాన్న