దగ్గుకని వెళ్తే బరువెందుకు తూచారు?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. వారం రోజులుగా దగ్గు తగ్గకపోవడంతో గత నెల మా వీధిలోని క్లినిక్‌కు వెళ్లాను. డాక్టరు గారి దగ్గరికి పంపకముందే అక్కడి అమ్మాయి నన్ను బరువు మెషీన్ ఎక్కించి, వరండాలో కూర్చున్న వాళ్లందరికీ వినపడేలా ‘62 కిలోలు’ అని చెప్పింది. ఎత్తు ఎంతని అడిగితే 155 సెంటీమీటర్లు ఉండవచ్చన్నాను. చీటీ మీద ‘బి.ఎం.ఐ. (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 25.8, ఊబకాయం’ అని రాశారు. ఫోన్‌లో చూస్తే 30 దాటితేనే ఊబకాయం అని ఉంది. ఇంట్లో మెషీన్ 60.5 కిలోలే చూపిస్తోంది. అసలు దగ్గుకూ బరువుకూ సంబంధం ఏమిటి? వీటిలో ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, మీ బరువును నలుగురిలో పైకి చదవడం తప్పే. జబ్బు వివరాలను ఎంత గోప్యంగా ఉంచుతామో బరువునూ అంత గోప్యంగా ఉంచాలి; తూచేముందు ఎందుకు తూస్తున్నారో ఒక మాట చెప్పి, వచ్చిన అంకెను మీకు మాత్రమే చూపించి రాసుకోవాలి. అయితే ఆ అవమానం వల్ల ఇకముందు మెషీన్ ఎక్కడమే మానేయవద్దని నా విన్నపం.

దగ్గుకూ బరువుకూ సంబంధం ఉంది. రెండు వారాలు దాటిన దగ్గుతో వచ్చినవారిలో మన దేశంలో క్షయ ఉందేమోనని తప్పక చూడాలి, అప్పుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ‘బరువు తగ్గారా?’ అన్నది ఒకటి. పాత తూకం ఎక్కడా రాసి లేకపోతే ‘జాకెట్లు వదులయ్యాయండీ’ అన్న సమాధానంతోనే సరిపెట్టుకోవాలి. ఒకవేళ క్షయ అని తేలినా, రోజుకు ఎన్ని మాత్రలు వేసుకోవాలో బరువును బట్టే నిర్ణయిస్తారు: 35 నుంచి 49 కిలోల వారికి మూడు, 50 నుంచి 64 కిలోల వారికి నాలుగు. మీది వారం రోజుల దగ్గే కనుక దీన్ని చదివి కంగారుపడవద్దు. మామూలు దగ్గుకు వచ్చిన రోజున రాసిపెట్టిన అంకె రెండేళ్ల తర్వాత పనికొస్తుందని చెప్పడమే నా ఉద్దేశం. ప్రయత్నమేమీ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు బరువు ఐదు శాతం తగ్గితే కారణం వెతకాలి. మీ విషయంలో అది మూడు కిలోల పైచిలుకు మాత్రమే. చీర కట్టుకున్న మనిషిలో అంత తేడాను ఇంట్లోవాళ్లు కూడా గుర్తించలేరు, కానీ మధుమేహం, థైరాయిడ్ ఎక్కువ కావడం, కొన్ని క్యాన్సర్లు ఆ మూడు కిలోలతోనే మొదట బయటపడవచ్చు.

ఇక అంకెల సంగతి. 30 అన్నది ప్రపంచవ్యాప్తంగా వాడే హద్దు. అదే బి.ఎం.ఐ. ఉన్న ఐరోపా వారితో పోలిస్తే మన శరీరంలో కొవ్వు శాతం ఎక్కువ, అదీ పొట్టలో పేరుకుంటుంది, మధుమేహం కూడా తక్కువ బరువుకే వస్తుంది. అందువల్ల 2009లో మన దేశ వైద్యులు ఏకాభిప్రాయంతో 23 నుంచి 24.9 వరకు అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కించాలని సూచించారు. ఆ లెక్కన మీ చీటీలో రాసినది తప్పు కాదు. మీరు ఒంటరి కూడా కాదు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 36.3 శాతం మందికి బి.ఎం.ఐ. 25 లేదా అంతకంటే ఎక్కువ ఉంది.

నాకు అభ్యంతరమున్నది ఎత్తు దగ్గర. ఎత్తును అడిగి రాయకూడదు, కొలవాలి. బి.ఎం.ఐ.లో మీటర్లలో ఉన్న ఎత్తును ఎత్తుతోనే గుణించి కిలోల బరువును దానితో భాగిస్తారు కాబట్టి చిన్న పొరపాటు కూడా పెద్దదవుతుంది. మీరు నిజానికి 158 సెంటీమీటర్లు ఉంటే అదే 62 కిలోలకు 24.8 వస్తుంది, ఊబకాయం అన్న మాటే ఉండదు. 152 అయితే 26.8 అవుతుంది. చెప్పులు తీసి, మడమలూ పిరుదులూ వీపూ గోడకు ఆనించి, చూపు నేరుగా ముందుకు ఉంచి కొలవడానికి ఒక్క నిమిషం చాలు. పెద్దవారికి సాధారణంగా ఒకసారి సరిగా కొలిస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

2025 జనవరిలో లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం కూడా బి.ఎం.ఐ. ఒక్కదానితోనే ఒక వ్యక్తికి ఊబకాయం ఉందని తేల్చవద్దనీ, నడుము కొలత వంటిది కూడా చూడాలనీ చెప్పింది. నడుము చుట్టుకొలతను చీర కుచ్చిళ్ల మీద కొలిస్తే ఫలితం లేదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పై అంచుకూ సరిగ్గా మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక, టేపును బిగించకుండా కొలవాలి. మన దేశంలో స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు హద్దు. అది దాటితే రక్తపోటు, చక్కెర పరీక్షలు చేయించుకోండి.

మెషీన్ల మధ్య ఒకటిన్నర కిలోల తేడా పెద్ద వింతేమీ కాదు. భోజనం, బట్టలు, కాళ్లకింద తివాచీ, మెషీన్ సున్నా దగ్గర లేకపోవడం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. ఇంటి మెషీన్‌ను గట్టి నేల మీద పెట్టి, నెలకోసారి ఉదయం కాలకృత్యాలయ్యాక తూచుకుని తేదీతో సహా ఒకే పుస్తకంలో రాసుకోండి. ఇంటి తూకాన్ని ఇంటి తూకంతోనే పోల్చుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు, చక్కెర వ్యాధి ఉంది. మూడు నెలలకోసారి చూపిస్తున్నాం. బి.పి. చూస్తారు గానీ బరువు ఎప్పుడూ రాయరు. మేము అడగవచ్చా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తప్పకుండా అడగండి. నడుము వంగి ఎత్తు తగ్గినవారిలో బి.ఎం.ఐ. ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది, కాబట్టి ఆయన విషయంలో బి.ఎం.ఐ. కంటే తూకంలో వచ్చే మార్పునే ముఖ్యంగా గమనించాలి. పెద్ద వయసులో నెమ్మదిగా తగ్గే బరువును ‘వయసు మీద పడింది’ అని వదిలేయడం నాకు బాధ కలిగిస్తుంది. అది చక్కెర అదుపు తప్పడం వల్లో, పళ్లు లేక తినలేకపోవడం వల్లో, దిగులు వల్లో కావచ్చు. గుండె బలహీనత కూడా ఉన్నవారిలో మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు కావచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. తదుపరి ఓ.పి. నాడు చీటీ చేతికిచ్చే ముందే ‘బరువు కూడా తూచి దీని మీద రాయండి’ అని కోరండి, నిలబడలేకపోతే కుర్చీ తూకం ఉందేమో అడగండి, పాత చీటీలన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి ప్రతిసారీ వెంట తీసుకెళ్లండి.