ఎయిర్ రైఫిల్ కొనేముందు ఆ కంపెనీకి ఒక మెయిల్ పెట్టి చూడండి

మీ అమ్మాయికి పది మీటర్ల షూటింగ్ పోటీల కోసం సొంత ఎయిర్ రైఫిల్ కొనాలనుకుంటున్నారు, కంపెనీ నాణ్యత, సర్వీసు డబ్బు కట్టకముందే ఎలా తెలుస్తాయని అడిగారు. నేను ఇప్పటికి రెండు కొన్నాను. మొదటిది కొన్నప్పుడు నాకీ ప్రశ్నే తట్టలేదు.

దాంతో పాటు ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు, అంటే ఫ్యాక్టరీలో ఆ రైఫిల్‌తో కాల్చి చూసిన కార్డు, వచ్చింది. పెల్లెట్లన్నీ (చిన్న సీసపు గుళ్లు) దాదాపు ఒకే రంధ్రంలోంచి వెళ్లాయి. అది చూసి మురిసిపోయాను. ఆ కార్డు అబద్ధమేమీ కాదు. కాకపోతే రైఫిల్‌ను కదలకుండా బిగించి కాలుస్తారు కాబట్టి బ్యారెల్ బాగుందని మాత్రమే చెబుతుంది. ట్రిగ్గర్ ప్రతిసారీ ఒకే చోట వదులుతుందా, గాలి బయటికి పోకుండా ఆపే సీళ్లు ఎన్నాళ్లు మన్నుతాయి అన్నవి అందులో కనపడవు.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం రైఫిల్ గాలి సిలిండర్‌ను 200 బార్ ఒత్తిడి వరకు నింపి పెట్టాను. పొద్దున్నే చూస్తే ఒత్తిడి చూపే ముల్లు 120 దగ్గర ఉంది. చెవి ఆనించి వింటే గాలి సన్నగా పోతున్న చప్పుడు. కంపెనీకి రాస్తే ఐదు వారాలు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత అమ్మినవాళ్లను అడగమన్నారు. వాళ్లేమో కంపెనీనే అడగమన్నారు. ముందు పోటీ, టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు. చివరికి తేలింది ఏమిటంటే, పోయింది ఒక ఓ-రింగ్. వేలి గోరంత రబ్బరు చుట్టు! దాని కోసం ఆ సీజనంతా క్లబ్బు రైఫిల్‌తో ఆడాల్సి వచ్చింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

అందుకే రెండోసారి కొనేముందు మూడు కంపెనీలకు ఒకే మెయిల్ పెట్టాను. "మీ పదిహేనేళ్ల నాటి మోడల్‌కు సీల్ కిట్ ఇప్పుడు దొరుకుతుందా? పార్ట్ నంబర్ ఎంత?" అంతే. ఒకరు జవాబే ఇవ్వలేదు. ఒకరు కొత్త మోడల్ బ్రోచర్ పంపారు. మూడోవాళ్లు రెండు రోజుల్లో సీరియల్ నంబర్ అడిగి, విడిభాగాల బొమ్మ పంపి, ఏ రింగు ఎక్కడ కూర్చుంటుందో గుర్తు పెట్టి చూపించారు. నేను కొన్నది వాళ్లదే. నా దృష్టిలో ఏ రివ్యూ కన్నా ఈ పరీక్షే నమ్మదగినది. రివ్యూలు రాసేవాళ్లలో ఎక్కువమంది కొన్న మొదటి నెలలోనే రాసేస్తారు.

కంపెనీ తన తప్పును ఎలా ఒప్పుకుంటుందో కూడా చూడండి. వేట రైఫిళ్ల కంపెనీ రెమింగ్టన్ 2014 ఏప్రిల్‌లో, ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న మోడల్ 700, మోడల్ సెవెన్ రైఫిళ్లను వెనక్కి పిలిచింది. 2006 మే నుంచి తయారైనవన్నీ అందులో ఉన్నాయి. బిగింపులో వాడిన జిగురు ఎక్కువైతే అనుకోకుండా పేలే ప్రమాదం ఉందని కారణం చెప్పింది. ఎనిమిదేళ్ల సరుకు! కాబట్టి కంపెనీ పేరుకు 'రీకాల్' అన్న మాట కలిపి వెతకండి. రీకాల్ ఉన్నంత మాత్రాన వద్దనుకోనక్కర్లేదు. లోపం ఎన్నాళ్లకు బయటపెట్టారు, ఏ తేదీల మధ్య తయారైనవో స్పష్టంగా చెప్పారా, ఎవరి ఖర్చుతో బాగు చేశారు అన్నది చూడండి.

ఇక రైఫిల్ చేతికొచ్చినప్పుడు, వీలుంటే రేంజ్‌లో క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) పెట్టి వరుసగా పది షాట్లు కాల్చి చూడండి. వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు ఉంటుంది. షాటుకూ షాటుకూ తేడా రెండు మూడు మీటర్లు దాటకూడదు. తర్వాత పావుగంట ఆగి మళ్లీ ఒక్క షాట్ కాల్చండి. ఆ ఒక్కటే బాగా ఎక్కువ వేగంతో వెళ్తే ప్రతి షాటుకూ గాలి ఒత్తిడిని ఒకేలా ఉంచే రెగ్యులేటర్ దగ్గర లోపం ఉన్నట్టు. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే, అక్కడ ఈ తేడా తెలిసిపోతుంది. మీ అమ్మాయి మాత్రం తప్పు తన గురిదేననుకుని కుమిలిపోతుంది. నేనూ అలాగే అనుకున్నాను.

సిలిండర్ మీద తయారీ తేదీ చదవడం మరిచిపోకండి. సాధారణంగా దాని ఆయుష్షు తయారైన నాటి నుంచి పదేళ్లు, మీరు కొన్న రోజు నుంచి కాదు. గడువు దాటకుండా చూసుకునే బాధ్యత పోటీలో ఆడేవాళ్లదే. మూడేళ్లు షాపులో పడున్న 'కొత్త' రైఫిల్ సిలిండర్‌కు మిగిలేది ఏడేళ్లే. తేదీ పాతదైతే కొత్త సిలిండర్ వేసి ఇమ్మని అడగండి. వారంటీ పని చేసేది కంపెనీయా, అమ్మేవాళ్లా అన్నది కూడా అప్పుడే కాగితం మీద రాయించుకోండి.