గొంతుకి అడ్డం పడితే ముందు నువ్వే

అమ్మలూ,

నిన్న నువ్వు మీ బాబు గొంతుకి సీతాఫలం గింజ అడ్డం పడిన సంగతి చెప్పినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. దగ్గుతో అదే బయటపడింది, అంతవరకు నయం. కానీ మీ అత్తగారు నెత్తి మీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారంటూ నీళ్లు పట్టబోయారన్నావు. ఆవిడని ఏమీ అనకు, మనందరం అలాగే పెరిగాం.

పొలమారడం వేరు, ఊపిరి అడ్డుకోవడం వేరు. గట్టిగా దగ్గుతున్నాడంటే గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వు, నీళ్లు పట్టకు. దగ్గు చప్పుడు ఆగిపోయి, ఏడవబోయినా గొంతు పెగలకపోతే ఇక ఆలస్యం చేయకు.

మోకాళ్ల మీద కూర్చుని వాణ్ణి ముందుకు వంచు. ఒక చేత్తో ఛాతీకి ఆసరా ఇచ్చి, రెండో అరచేతి మొదలుతో వీపు మీద రెండు రెక్కల మధ్య 5 సార్లు గట్టిగా చరుపు. జాలిపడి మెల్లగా తడితే లాభం లేదు. రాకపోతే వెనక నుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ 5 సార్లు లాగు. లోపలున్న గాలే దాన్ని తోస్తుంది. బయటపడేదాకా మళ్లీ వీపు, మళ్లీ పొట్ట. కంటికి కనబడకుండా నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది.

మీ ఆడపడుచు పాపకి ఇంకా ఏడాది నిండలేదు కదా, దానికి పొట్ట నొక్కకూడదు. తల కిందికి ఉండేలా ముంజేతి మీద బోర్లా వేసి వీపు మీద 5 దెబ్బలు, తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు.

ఈలోగా ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి ఛాతీ మధ్యలో 30 సార్లు నొక్కి, నోట్లో చూసి, 2 సార్లు ఊదాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

నేను వార్డులో నర్సుగా ఉన్నప్పుడు ఒక తండ్రి పాపని భుజాన వేసుకుని ఆటోలో తెచ్చాడు. దారిలో ఎవరూ వీపు మీద ఒక్క దెబ్బ వేయలేదు, తెలియక. నాలుగైదు నిమిషాలు ఊపిరి అందకపోతే మెదడు దెబ్బతింటుంది. మధురవాడ నుంచి పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఆ టైమ్‌లో ఎవరు రాగలరు?

పొట్ట నొక్కాల్సి వస్తే, వాడు బాగానే ఉన్నా డాక్టరుకి చూపించాలి. ఇప్పుడు కూడా దగ్గు వదలకపోయినా, పిల్లికూతలు వినబడినా వెంటనే తీసుకెళ్లు.

బీచ్‌లో మురీ మిక్చర్ కొన్నప్పుడు పల్లీలు వాడికి పెట్టకు, ఐదేళ్లు వచ్చేదాకా. ఆదివారం వస్తాను. దిండు మీద చేసి చూపిస్తా, మీ అత్తగారిని కూడా ఇంట్లోనే ఉండమను.

మీ పెద్దమ్మ,
సీతమ్మధార, విశాఖపట్నం